సెనైదా గుమ్మం ముందు వరస

ఆ శుక్రవారం పొద్దున సెనైదా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి కంప్యూటరు ముందు కూర్చోవాలి. మీర్తా కూతురు యనీసే పదిహేనో పుట్టినరోజుకని తను తీసిన నాలుగు వందల ఫోటోల్లో మంచివి ఏరాలి. రెండింటికి కరెంటు పోయేలోపు వాటిని అచ్చు దుకాణానికి పంపాలి. ఆ ఊళ్ళో ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజంటే పెళ్ళంత వేడుక, అది రేపే. అద్దె గౌను బస్సెక్కి సాంతా క్లారాలోని దుకాణానికి వెళ్ళిపోయింది, పిల్ల జుట్టు కూడా కత్తిరించేసుకుంది. కెమెరా కార్డేమో మొన్న ఒక పెళ్ళికి సెనైదాయే తుడిచి వాడేసింది. ఉన్నదల్లా ఈ కంప్యూటరులోనే ఉంది.

ఆ కంప్యూటరును మూడు చచ్చిన కంప్యూటర్ల ఎముకలు ఏరి కట్టి, వైరసుల బెడద ఉండదని లైనక్సు ఎక్కించి పెట్టినవాడు రొహేలియో. నిన్న సాయంత్రం కరెంటు మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చింది. మరి దానికీ ప్రాణమేగా! పొద్దున మీట నొక్కితే బొమ్మలేవీ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి, ఫైళ్ళ అమరిక చెడిపోయింది, నువ్వే సరిచేసుకో అన్నాయి.

ఇలాంటి రోజు కోసమే రొహేలియో ఒక చీటీ రాసి అలమరకి అంటించాడు. "ఇలా వస్తే కింద ఉన్న మాట కొట్టు. ఏది అడిగినా వై నొక్కు, అవునని అర్థం." సెనైదా అలాగే చేసింది. ఈ ఫైలుకి దిక్కు లేదు, సరిచేయనా? వై. ఈ చోటు నాదంటే నాదని ఇద్దరు అంటున్నారు, సరిచేయనా? వై. కొత్త కోడలిని అత్తగారు కూడా అన్ని ప్రశ్నలు అడగదు. పైగా ఆ వై మీట మీద ఎప్పుడో కాఫీ ఒలికింది. కొబ్బరికాయ కొట్టినట్టు పిడికిలితో గుద్దాలి, దిగాక గోరుతో పైకి లాగాలి. మూడు వందలు దాటేసరికి మణికట్టు బూరెలా పొంగింది.

రొహేలియో ఇంటికి ఫోను చేస్తే భార్య నియేవెస్ ఎత్తింది.

"లేడక్కా. కోడి దొరుకుతుందేమోనని తెల్లారగానే సంచీ పట్టుకుని పోయాడు. ఏ లైన్లో ఉన్నాడో."

"సెల్లుకి చెయ్యనా?"

"సెల్లు ఇదిగో, నా ముందే ఉంది."

అంతలో ఫోటోలు చూద్దామని మీర్తా వచ్చింది. సంగతి విని నేల మీద కూలబడింది.

"ఈ వేడుక కోసం మూడేళ్ళు ఎదురుచూశానే అక్కా! నా కొంప ముంచావు కదే!"

"ఏడిస్తే ఏడువు గానీ, ఏడుస్తూనే గుద్దు. రెండింటికి కరెంటు పోతుంది."

మీర్తా రెండు వందలు గుద్ది చేతులెత్తేసింది. ఒకప్పుడు చెరకు నరికిన పక్కింటి ఎవేలియోని పిలిచారు. ఆ తర్వాత ఎదురింటి అక్కాచెల్లెళ్ళు వచ్చి, తమ వంతు కోసం గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు చేరారు.

వీళ్ళ ఊరు ప్లాసెతాస్‌లో ఒక గుమ్మం ముందు నలుగురు నిలబడితే, ఏదో సరుకు వచ్చిందనుకుని ఐదో మనిషి దాటిపోలేడు. సంచీతో వస్తున్న ఒకావిడ ఆగి, "చివరెవరు?" అంది. "నేనే" అన్నారెవరో. ఆమె వెనకే నిలబడింది. ఇంక చెప్పేదేముంది! పదకొండింటికి వరస మందుల దుకాణం మలుపు తిరిగింది. ఎవరో అంకెలు రాయడం మొదలుపెట్టారు. ఒక పోలీసు వచ్చి ముసలివాళ్ళని ముందుకు పంపాడు.

అలా లోపలికి వచ్చిన కాస్తులో తాతకి ఎనభై రెండేళ్ళు. సెనైదా తల ఎత్తకుండానే, "ఇక్కడ గుద్దు తాతా, గట్టిగా" అంది. తాత ఇరవై గుద్దులు గుద్ది ఆగాడు.

"ఇన్ని గుద్దులకి ఎంత ఇస్తారమ్మా?"

"ఏం ఇస్తారు తాతా? దేవుడు చల్లగా చూస్తే మా పిల్లని తిరిగి ఇస్తాడు."

అర్థం కాకపోయినా తాత ఎదురు అడగలేదు. ఈ మధ్య అన్నిటికీ ఇలాంటి కొత్త పద్ధతులే. బయటికి వచ్చి పిడికిలి రుద్దుకుంటూ, "లోపల చాలా నెమ్మదిగా నడుస్తోంది" అన్నాడు. వరస ఇంకో పది మంది పెరిగింది.

పన్నెండున్నరకి నియేవెస్ ఫోను చేసింది. "అక్కా, మా ఆయన మీ వీధి లైన్లోనే ఉన్నాడట! కోడి వచ్చిందటగా!"

"మా వీధిలో కోడి వచ్చిందా? నాతో ఒక్కరైనా అనలేదే! మీర్తా, ఏడుపు ఆపి పరుగెత్తు. రొహేలియో కనిపిస్తే లాక్కురా, అలాగే నాకూ ఒక చోటు పట్టు."

మీర్తా పెరటి గుమ్మంలోంచి పరుగెత్తి, వరస తోక దాకా వెళ్ళి, కన్నీళ్ళ మధ్య ఎవరి మొహమూ ఆనక తిరిగొచ్చింది. "వాడు కనపడలేదు. నీది తొంభై మూడో నంబరు."

ఒంటిగంటన్నర అయింది. తెర మీద ప్రశ్నలు తరగలేదు. సెనైదా తల బల్లకి ఆనించేసింది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి పదిహేనేళ్ళ పిల్లా తన కెమెరా ముందు నవ్వింది. ఇక రేపటి నుంచి ఎవరూ ఈ గడప తొక్కరు. అప్పుడే తలుపు దగ్గర ఖాళీ సంచీతో ఒక మనిషి నిలబడ్డాడు.

"కోడి ఎక్కడ?" అన్నాడు రొహేలియో.

సెనైదా తెర చూపించింది. అతను వంగి చూసి, వై కాకుండా ఎ మీట ఒక్కసారి తాకాడు. ప్రశ్నలన్నీ వాటికవే జవాబులు చెప్పుకుంటూ జలపాతంలా జారిపోయాయి.

"ఎ కొడితే అన్నిటికీ అదే అవునంటుంది. అక్కడ రాసే ఉందిగా అక్కా."

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచీ."

"మరి నువ్వెక్కడ చచ్చావురా పొద్దుట్నుంచీ?"

"నీ గుమ్మం ముందే. నలభై ఏడోవాణ్ణి."

ఫోటోలు దొరికాయి. తప్పిపోయినవాటిని పెట్టే అరలో, పేర్లు పోగొట్టుకుని, ఒంటి మీద అంకెలతో పడి ఉన్నాయి. మూడు మాత్రం రాలేదు. ఆ మూడింట్లోనూ మీర్తా ఆడబిడ్డ ఉందని తేలాక మీర్తా ఇంకో దండం ఎక్కువే పెట్టుకుంది. రొహేలియో తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవులోకి చివరి ఫోటో ఎక్కిన నిమిషానికి, చెప్పిన వేళకే, కరెంటు పోయింది.

సెనైదా గుమ్మంలోకి వచ్చి మందుల దుకాణం దాకా చూసింది.

"అయిపోయింది!" అంది.

"ఎప్పుడూ ఇంతే, మన వంతు వచ్చేసరికి!" అని సణుక్కుంటూ జనం సంచులు మడుచుకున్నారు.

అయిపోయింది ఏమిటని ఒక్కరూ అడగలేదు.