ఆదర్శ గృహంలో అకాల తద్దినం

ఆ రోజు పొద్దున కోదండపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. కరెంటు ఆఫీసువాళ్లు ఇల్లు చూడటానికి వస్తారు, చూస్తారు, మెచ్చుకుంటారు, వెళతారు. ఆ తర్వాత ఆయన ఇడ్లీ తిని బడికి పోతాడు. పెద్దపని ఉన్న రోజు ముందే తినడం ఆయనకు అలవాటు లేదు. ఆయన భార్య సీతమ్మకు అలాంటి పెద్దపనులేవీ లేవు గనుక తెల్లవారగానే కాస్త ఉప్మా తిని పనిలో పడింది.

విద్యుత్ పొదుపు వారోత్సవాల్లో ప్రొద్దుటూరు నుంచి ఒక ఇంటిని ఆదర్శ గృహంగా ఎంచి, ఆ ఇంటి యజమానికి జమ్మలమడుగు సభలో శాలువా కప్పుతారట. శాలువా మాట వినగానే కోదండపాణి తన ఇంటిని పోటీకి రాయించాడు. ఆయన తెలుగు పండితుడు. ఊళ్లో ఎవరికి సన్మానం జరిగినా సన్మానపత్రం రాసేది ఆయనే. ఎందరి భుజాల మీదో శాలువాలు పడుతుంటే వేదిక కింద నిలబడి చప్పట్లు కొట్టాడు. తన భుజం మీద మాత్రం కండువా తప్ప ఏమీ పడలేదు. వచ్చే వేసవిలో ఉద్యోగ విరమణ. ఇప్పుడు పడకపోతే ఇక పడదు.

అర్హత లేకనా? ఆ వీధిలో అందరికంటే నెమ్మదిగా తిరిగేది ఆయన కట్టించుకున్న ఇంటి మీటరే. తన క్రమశిక్షణే దానికి కారణమని ఆయన నమ్మకం. నిజానికి హాల్లో రెండు ఫ్యాన్లు, గోడంత టీవీ ఉన్నాయి. క్రమశిక్షణ అంతా వంటింట్లోనే అమలైంది. అక్కడ ఒక జీరో బల్బు. మిక్సీ అటకెక్కింది, రోలు కిందే ఉంది. గ్యాసు పొయ్యి చుట్టాల కాఫీకి. రోజువారీ వంట మాత్రం పులివెందుల బావమరిది చీనీ చెట్ల తోట నుంచి పంపే కట్టెల మీద. హాలు వైపు ఉన్న ఒక్క కిటికీనీ టీవీ బిగించడానికి ఆయనే మూయించాడు. పెళ్లయిన కొత్తలో సీతమ్మ ఫ్యాను అడిగితే, "పొయ్యి దగ్గర ఫ్యాను పెడితే మంట ఆరిపోదా?" అని శాస్త్రం చెప్పాడు. ఆమె కొన్నాళ్లు అడిగింది, కొన్నాళ్లు దగ్గింది, ఇప్పుడు దగ్గు ఒక్కటే మిగిలింది.

గుడ్డముక్కతో స్విచ్చులు తుడుచుకుంటూ కోదండపాణి వంటింటి దాకా వచ్చాడు. కాఫీ కోసం గడప దగ్గర చెయ్యి చాపడమే గాని ఆయన లోపలికి తొంగిచూసి చాలా ఏళ్లయింది. చూసి అదిరిపడ్డాడు. గోడలు పెనం అడుగులా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వీధి వాకిట్లో లైన్‌మన్ మహబూబ్ బాషా గొంతు వినిపించింది.

"పాణి సార్! ఏఈ మేడం వచ్చినారు. మేడం యాడికిపోయినా ముందు వంటిల్లే చూస్తారు!"

కరెంటు ఆఫీసు ఇంజనీరు, ఏఈ ప్రియదర్శిని చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. హాలు చూసి తల ఊపింది. "వంటిల్లు ఎటువైపు సార్?" అంది.

కోదండపాణి గబగబా ముందుకు వచ్చాడు. వంటింటి గడపకు అడ్డం నిలబడి, నోటికొచ్చింది అనేశాడు. "పోగూడదు మేడం. లోపల మడి. ఈ పొద్దు మా అమ్మ తద్దినం."

వెనక నుంచి సీతమ్మ ఆయనకు మాత్రమే వినపడేలా అంది. "ఆషాఢంలో పోయినామె మార్గశిరంలో యెట్లొచ్చె?"

"నువ్వు గమ్మునుండు," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

ఏఈ మర్యాదస్తురాలు. రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, ముందే చెప్పింటే ఇంకో పొద్దు వచ్చేదాన్ని గదా సార్. మీ కార్యం కానీండి. అంతదాకా మేం ఈ వీధిలోనే మీటర్లు చూసుకుంటాం. వంటిల్లు చూడకుండా మాత్రం మార్కులు వెయ్యలేను."

అప్పటికి గండం గడిచిందని కోదండపాణి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ మహబూబ్ బాషా మంచివాడు. లోకంలో సగం కష్టాలు మంచివాళ్ల వల్లే వస్తాయి. ఎదురింటి అరుగు మీద పేపరు చదువుతున్న పురోహితుడు విష్ణుతేజను చూసి అతను నొచ్చుకున్నాడు. "ఏంది సామీ, పాణి సార్ వాళ్లమ్మ తద్దినం పెట్టుకోనుంటే నువ్వింకా ఈడే కూచోనుండావు?"

విష్ణుతేజ పేపరు పక్కన పడేశాడు. తిథి మరిచిపోయిన పురోహితుడికి ఆ ఊళ్లో పుట్టగతులుండవు. పంచ మార్చుకుని, పక్క వీధిలోంచి ఇద్దరు భోక్తలను వెంటబెట్టుకుని ఉరుకుల మీద వచ్చాడు. "తప్పయిపాయె మామా! ఆషాఢమనుకుంటాంటి. మీయట్ల పండితులు చెప్పినాంక ఇంగేముంది!"

ఏఈ పక్కింటి మీటరు దగ్గరే ఉంది. అబద్ధమని చెప్పడానికి లేదు. కోదండపాణి భార్య వైపు తిరిగి, "సీతా, మడి కట్టుకో," అన్నాడు దీనంగా.

"నేను పొద్దున్నే ఉప్మా తింటినే," అంది సీతమ్మ. "తద్దినమని నాకెవురు చెప్పినారు? తిన్నోళ్లు తద్దినం వంటకు పనికిరారని మీరే గదా అంటాంటారు."

అన్నాడు. ఇన్నేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆ ఇంట్లో ఆ క్షణాన ఏమీ తినని మనిషి ఆయన ఒక్కడే.

"కర్తే వండితే ఇంకా శ్రేష్ఠం మామా," అని విష్ణుతేజ భరోసా ఇచ్చాడు.

మార్గశిరపు చలిలో బావి దగ్గర చన్నీళ్లు పోసుకుని, తడిపంచతో వణుకుతూ కోదండపాణి వంటింట్లోకి వెళ్లాడు. గ్యాసు పొయ్యి వైపు చెయ్యి చాస్తే బయటి నుంచి విష్ణుతేజ దగ్గాడు. "తద్దినానికి కట్టెల పొయ్యే మామా." గారెల పప్పు నానబెట్టి పొయ్యి రాజేశాడు. పచ్చి కట్టెలు మంట మాని పొగ పట్టుకున్నాయి. ఏది ఉప్పో ఏది బియ్యపుపిండో జీరో బల్బు చెప్పలేకపోయింది. నానీ నానని పప్పు రోట్లో వేసి నాలుగుసార్లు తిప్పేసరికి భుజం పట్టేసింది.

"సీతా, మిక్సీ!" అన్నాడు.

"అది మడికి రాదంటిరే," అంది సీతమ్మ గుమ్మం బయట నుంచి.

"పోనీ, కిటికీ అన్నా తియ్!"

"టీవీ ఉంది."

"గాలి ఆడ్తాండ్లేదే! ఈడ ఫ్యాను లేదా?"

"పొయ్యి దగ్గర ఫ్యాను పెడితే మంట ఆరిపోతుందంట," అంది ఆమె. ఆ గొంతులో ఎగతాళి లేదు, అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

పొగ వంటిల్లు నిండి, హాలు నిండి, వీధిలోకి వచ్చింది. మహబూబ్ బాషా చూశాడు. "మేడం! పాణి సారోళ్లింట్లో వైర్లు కాల్తాండాయి!" అని అరిచి, పరుగెత్తుకెళ్లి వీధి మొత్తానికి కరెంటు తీసేశాడు. మోటార్లు ఆగిపోయాయి. నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లంతా బిందెలతో సహా కోదండపాణి ఇంటి ముందు పోగయ్యారు. అప్పుడే ఆయన మసిచేతులతో కళ్లు నులుముకుంటూ, గోడ పట్టుకుని బయటపడ్డాడు.

"యాడ కాల్తాంది సార్?" అని ఏఈ గాభరాగా అడిగింది.

"యాడా కాల్లేదు మేడం!" కోదండపాణి దగ్గుతూనే అరిచాడు. మడి, శాలువా, సభ అన్నీ ఆ పొగలో కొట్టుకుపోయాయి. "లోపలికి పోయి చూడండి! గాలి లేదు, వెలుతురు లేదు, కిటికీ లేదు! దాంట్లో మనిషనేవాడు ఉంటాడా? ఎవుడు కట్టినాడో గాని, బుద్ధి లేనోడు!"

ఏఈ లోపలికి వెళ్లి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగి వచ్చింది. "ఇన్నేళ్లూ దీంట్లో ఎవురు వండినారు సార్?"

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా సీతమ్మ వైపు చూశారు. సీతమ్మ ఎటూ చూడలేదు. కోదండపాణికి చచ్చేంత సిగ్గేసింది. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి గాని, అందులో పొగ వాటా ఎంతో, సిగ్గు వాటా ఎంతో వీధిలో ఎవరికీ తెలియలేదు. సీతమ్మకు తెలిసింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

భోక్తలు మాత్రం విస్తళ్ల ముందు నుంచి కదల్లేదు. సంకల్పం చెప్పించుకున్నాక తినకుండా లేవకూడదట. జీరో బల్బుకు తోడు మహబూబ్ బాషా వంటింటి గుమ్మం బయట నిలబడి టార్చి వేస్తుంటే, సీతమ్మ దూరం నుంచి చెబుతుంటే, కోదండపాణి ఆ గారెలు వండి ముగించాడు. వాటిని తిన్న భోక్తలు ఆ మర్నాడు కూడా ఇంకేమీ తినలేదని వినికిడి.

శాలువా ఇంకెవరికో పోయింది. జమ్మలమడుగు సభలో ఆ విజేతకు సన్మానపత్రం రాసింది మళ్లీ కోదండపాణే. కానీ ఆ వారంలోనే టీవీ గోడ దిగింది, కిటికీ తెరుచుకుంది, హాల్లో ఫ్యాను ఒకటి వంటింటికి బదిలీ అయింది. గ్యాసు పొయ్యికి రోజూ పని దొరికింది. మీటరు కాస్త వేగం పుంజుకుంది. సీతమ్మ దగ్గు తగ్గింది.

"ఆ తద్దినం సంగతి ఇంగ మర్చిపోదాం," అన్నాడు కోదండపాణి ఒకసారి, కొత్త వెలుతురులో కాఫీ తాగుతూ.

"యెట్ల మర్చిపోతారు?" అంది సీతమ్మ. "పెట్టిన తద్దినం మళ్లీ మానగూడదంట. విష్ణుతేజను అడిగినా."

అప్పటి నుంచి కోదండపాణి తల్లికి ఏడాదికి రెండు తద్దినాలు. ఆషాఢంలో సీతమ్మ వండుతుంది, మార్గశిరంలో ఆమె పొద్దున్నే ఉప్మా తింటుంది.