మిల్‌బ్రూక్ గ్రంథాలయంలో పిల్లిపై విచారణ

ఎలుకనెక్కి తిరిగే విఘ్నేశ్వరా! ఈ కథలో పిల్లి ఒకటున్నది. వాహనాన్ని గడప బయటే నిలిపి, నీవు మాత్రం లోపలికి విచ్చేసి మాకు వాక్శుద్ధిని ప్రసాదింపుము.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిల్‌బ్రూక్ గ్రంథాలయానికి ముగ్గురు సభ్యుల పాలకమండలి ఉన్నది. ఏటా జనవరిలో ఒక ఉదయం వారు నియమావళిని సమీక్షిస్తారు. సమీక్ష అనగా, అధ్యక్షురాలు ఇంగ్రిడ్ థోర్సన్ ఆ పుస్తకంపై అరచేయి ఉంచి, "అన్నీ కలిపి ఒకేసారి. అభ్యంతరాలున్నాయా? లేవు. అయిపోయింది" అనడం, మిగతా ఇద్దరూ చెయ్యెత్తడం, అంతే. దానిని తెరిచిన పాపం ఎవరూ ఎరుగరు.

ఆనాడు కూడా త్వరగా ముగించి, సభ్యుడు వెర్న్ ముల్లర్ తెచ్చిన బంగాళదుంపల హాట్‌డిష్ అనే వేడి వంటకం ఆరగించాలన్నది ఆమె సంకల్పం. తీరా చేయి ఉంచబోతే, పుస్తకం మీద పిల్లి పవళించి ఉన్నది.

"ఏంటిది?" అంటూ ఇంగ్రిడ్ తుమ్మింది.

"మఫిన్, మేడం. మంచులో గడ్డకట్టుకుపోతుంటే దొరికింది," అన్నది గ్రంథాలయాధికారిణి కొరీన్. "మా అద్దింట్లో ఒప్పుకోరు. దీనికి ఇంకెక్కడా చోటు లేదు."

"ఇక్కడ మాత్రం ఒప్పుకుంటారా? నియమం ఉండే ఉంటుంది. ఈ పూటే బయటికి పంపెయ్. వెర్న్, తియ్యవయ్యా పుస్తకం!"

ఆ విధంగా పాలకమండలి తన నియమావళిని తొలిసారిగా తెరిచింది.

"ఇదిగో! భవనంలోకి జంతువులు రాకూడదు," అని వెర్న్ విజయగర్వంతో చదివాడు. కొరీన్ పిల్లిని గుండెకు హత్తుకున్నది. మూడవ సభ్యురాలు డొలోరెస్ క్విస్ట్ చప్పున పుస్తకం లాక్కున్నది. ఆమెకు పిల్లులంటే ప్రాణం. వెర్న్ అంటే కాదు.

"దాని కింద కూడా చదవాలి నాయనా! 'తినుబండారాలు తెచ్చినవారిని ఆ పూటకు వెలుపలికి పంపవలెను.' ఊఁ, గిన్నె ఎత్తుకుని నడు."

"నేనొక్కణ్ణే పోతానా? ఇలా తే... 'ఆలస్యంగా వచ్చిన సభ్యులు ఓటుకు అనర్హులు.' తమరెప్పుడు దయచేశారమ్మా?"

"మంచు తోసే బండి వెనకాల ఇరుక్కుపోయాను!"

"ఆ గోడు మంచుకు చెప్పుకో."

ఇక ఓటు వేయగలిగినది ఇంగ్రిడ్ ఒక్కతే. "సరే, మీ ఇద్దర్నీ ఆపిన నియమాలు ఇప్పుడే రద్దు చేసేస్తా."

"రద్దు చెయ్యాలంటే ఇద్దరి ఓట్లుండాలట," అన్నాడు వెర్న్ పుట తిప్పి.

"దారి ఏదో ఒకటి ఉండే తీరుతుంది. ఇటివ్వు!" తుమ్ముల మధ్యనే ఇంగ్రిడ్ చివరి పుట దాకా చదువుకుపోయింది. అక్కడ ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివింది.

"'ఏటేటా ప్రతి నియమాన్నీ బిగ్గరగా చదివి సమీక్షింపవలెను. అట్లు చేయనిచో నియమావళి సమస్తమూ, దాని కింద ఏర్పడిన మండలితో సహా, రద్దగును.'"

"అంటే... మనం ఎప్పుడు రద్దయ్యాం?" అన్నాడు వెర్న్.

"చదవకుండా చెయ్యెత్తిన మొదటి ఏడే," అన్నది డొలోరెస్.

"జంతువుల నియమం కూడా పోయినట్టేగా?" అన్నది కొరీన్, పిల్లిని బల్లపై దించుతూ.

ఇంగ్రిడ్ కోటు తొడుక్కోసాగింది.

"బయట ఎముకలు కొరికే చలి, మేడం. కాసేపు కూర్చుని వెళ్లండి. ఈ గ్రంథాలయం ఊరందరిదీ. ఎవరైనా కూర్చోవచ్చు."

ఆ గదిలో పదవి పోనిది పిల్లికీ కొరీన్‌కే. అందులో పిల్లికి ఎవరూ ఇవ్వనే లేదు.

చెయ్యెత్తే ముందు చదివే ఓపిక ఈ కథ విన్నవారందరికీ కలుగుగాక. వారి వాకిట చలికి వణికే ప్రాణికి చోటు దొరుకుగాక. శుభమస్తు.