మరమ్మతుకు నోచుకున్న వంతెన

వరదకు కొట్టుకుపోయిన కాలిసెమర్ గ్రామ వంతెన గురించి జిల్లా పనుల శాఖవారు తొమ్మిది నెలలు అత్యంత శ్రద్ధగా ఆలోచించి చల్లని కబురు పంపారు. మరమ్మతుకు మంజూరు ఉంది, నిర్మాణానికి లేదు. లేని వంతెనను మరమ్మతు చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఆ కబురు విని ఊళ్లో అందరూ మ్బోక్, అంటే అమ్మ, అని పిలిచే సరింతెన్‌కు ఒళ్లు మండిపోయింది. సోయాగింజలు పులియబెట్టి, అరటాకుల్లో చుట్టి టెంపే అమ్ముకునే మనిషి. సంతేమో నది అవతల. వంతెన పోయాక పదకొండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి చేరేసరికి సరుకు నల్లబడేది, జనం ముక్కు మూసుకునేవారు. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే పొయ్యి ఆర్పేసుకోవాల్సిందే.

"లేనిదాన్ని బాగుచెయ్యలేరట, పాపం! మనమే ఒకటి కట్టి పడేద్దాం. అప్పుడేమంటారో చూద్దాం" అంది గ్రామపెద్ద పాక్ వర్సిదితో.

ఊరు ఊరంతా వెదురు నరికింది. మూడు రోజుల్లో వంతెన లేచింది.

తనిఖీకి ఇంజనీరు పాక్ హెర్మావాన్ విచ్చేశారు. కారు ఊరివైపు ఆపి, వంతెన దాటి, అవతలి ఒడ్డున నిలబడి ఇవతలి జనాన్ని ఉద్దేశించి ప్రసంగించారు.

"శభాష్! ఎంత గట్టి వంతెన! పాడైతేనే కదా మరమ్మతు? ఇంత గట్టిదానికెందుకు? శాఖ తరఫున మీకు అభినందనలు!"

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు.

"రెండు వానలు పడితే కొట్టుకుపోతుందండీ!" అని మొత్తుకున్నాడు వర్సిది.

"పోయాక నిర్మాణం కిందికొస్తుందయ్యా!" అని ఎంతో ఓపికగా వివరించారు ఇంజనీరుగారు.

ఇవతల విందు సిద్ధంగా ఉంది. పసుపన్నం, కొబ్బరిపాలలో ఉడికిన కోడికూర. సరింతెన్ గిన్నెమీద మూత తీసి, కొంగు బిగించి, కొడవలితో వంతెన కట్లు తెగనరికింది. సగం వంతెన నదిలోకి జారిపోయింది.

"ఇదిగో, పాడైందండీ! ఇప్పుడిది మరమ్మతా, నిర్మాణమా?"

ఇంజనీరుగారు కారు వైపు చూశారు. కోడికూర వైపు ఇంకాసేపు చూశారు. శాఖ చరిత్రలో ఏ ప్రశ్నకూ ఇంత తొందరగా జవాబు రాలేదు.

"మరమ్మతే తల్లీ! అచ్చమైన మరమ్మతు, అత్యవసరం కూడానూ! ఇక్కడే సంతకం పెట్టేస్తా, తెప్ప పంపండి. ఆ కోడి ముక్కలు మాత్రం ముట్టుకోకండి!"

రెండు నెలల్లో ఇనుప వంతెన వచ్చింది. దాని మీద "అధికారుల రాకపోకల నిమిత్తం మరమ్మతు చేయబడినది" అని ఫలకం బిగించారు. సరింతెన్ రోజూ ఆ ఫలకం పక్కనుంచే తాజా టెంపేతో సంతకు పోతోంది, నవ్వాపుకోలేక.

ఇప్పుడు ఆ జిల్లాలో ఎవరూ అర్జీలు రాయడం లేదు. మీ ఊళ్లో కూడా వంతెన కూలిందా? తొమ్మిది నెలలు కాగితాలు పట్టుకుని తిరగకండి. అధికారిగారిని భోజనానికి పిలవండి. విస్తరి మాత్రం ఆయన లేని ఒడ్డున వెయ్యండి.