సీతమ్మ జరీ చీర కేసు

"సారపాకల నేరం జరిగిందంటే అది నా కంట్ల పడకుండ పోదు," అని ప్రకటించాడు డిటెక్టివ్ వీరన్న, భూతద్దంలోంచి గోడను చూస్తూ. నడిపేది జిరాక్సు షాపు. ఇప్పటిదాకా తేల్చిన కేసులు సున్నా. అయినా తనంత బుర్ర ఖమ్మం నుంచి భద్రాచలం దాకా లేదని ఆయన నమ్మకం.

ఈ కేసులో నేరస్థుడు బాలకృష్ణ. ఆ సంగతి బాలకృష్ణే ఒప్పుకున్నాడు కూడా. భార్య శ్యామల ఏన్కూరులో అన్నగారింటికి వెళ్లినప్పుడు, గోడలకు రంగు వేయిస్తుంటే పాత శ్రీరామ పట్టాభిషేకం పటం అద్దం పగిలింది. బొమ్మ కూడా వెలిసిపోయింది కదా అని, ఫ్రేములు కట్టే గోపాలుకిచ్చి తళతళలాడే కొత్త బొమ్మ పెట్టించుకొచ్చాడు. పెళ్లాం మురిసిపోతుందనుకున్నాడు పాపం. ఆమె గోడ కేసి చూసి కూలబడిపోయింది. పాత బొమ్మలో సీతమ్మ కట్టుకున్నది జరీ ముక్క. చనిపోయిన శ్యామల తల్లి, బతికుండగా తన పెళ్లిచీర అంచు కత్తిరించి స్వయంగా అతికించింది. ఇంట్లో ఆ తల్లి గుర్తు అదొక్కటే. మూడు రోజులుగా శ్యామల మొగుడితో మాట మానేసింది. గోపాలేమో షాపుకు తాళం వేసి కారేపల్లిలో పెళ్లికి పోయాడు, ఫోను ఎత్తడు.

గోపాలు వచ్చాక అడుగుదామని బాలకృష్ణ అంటే వీరన్న జాలిగా నవ్వాడు. అంత సులువుగా తేలే కేసు తనదాకా వస్తుందా? ఇది పాత దేవుళ్ల బొమ్మలను సముద్రాలు దాటించే ముఠా పనేనట. వెదురు లారీలో దాచి అడవి దాటించి ఉంటారట. వెదురు దిగే కాగితం మిల్లు గేటు దగ్గర నాలుగు లారీలు ఆపి, డ్రైవర్ల చేత తిట్లు తిని వచ్చాడు. తర్వాత వేలిముద్రల కోసం శ్యామల డబ్బాలోని పసుపంతా పటం మీద చల్లాడు. తేలినవన్నీ తన వేళ్లే. ఇక పటంలోని వాళ్లనే విచారించడం మొదలుపెట్టాడు.

"చూడు బావా, అందరు రాముడి దిక్కు చూస్తున్నరు. ఆంజనేయుడొక్కడే కిందికి చూస్తుండు. ఏందో దాస్తుండు."

వంటింటి గుమ్మంలో శ్యామల కళ్లు తుడుచుకుంది. అది చూసి బాలకృష్ణకు ప్రాణం ఉసూరుమంది. ఈ మహానుభావుణ్ని పిలిచినందుకు తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

ఆంజనేయుణ్ని దగ్గర్నుంచి నిలదీద్దామని వీరన్న స్టూలెక్కాడు. చల్లిన పసుపు ముక్కులోకి పోయింది. ఇల్లదిరేలా ఒక్క తుమ్ము. స్టూలు అటు, వీరన్న ఇటు, ఆసరాకు పట్టుకున్న పటం నేల మీద. అద్దం భళ్లుమంది. వెనక అట్ట ఊడి కొత్త బొమ్మ పక్కకు జారింది. దాని కింద పాత బొమ్మ ఉంది, జరీ చీరతో సహా.

గోపాలు పద్ధతే అది. దేవుడి బొమ్మను చింపడానికి, చెత్తలో వేయడానికి అతనికి చేతులు రావు. పాతదాని మీదే కొత్తది పెట్టి మేకులు కొట్టేస్తాడు. సారపాకలో సగం ఇళ్లలో దేవుడి వెనక ఇంకో దేవుడున్నాడు.

"నేననుకున్నట్టే సొత్తు ఇంట్లనే ఉన్నది," అన్నాడు వీరన్న నేల మీంచే, నడుం పట్టుకుని. ఎవరూ వినలేదు.

శ్యామల గాజుపెంకులు తప్పించుకుంటూ కూర్చుని, జరీ మీద పడ్డ పసుపును కొంగుతో మెల్లగా దులిపింది. బాలకృష్ణ పక్కనే చతికిలబడ్డాడు. మూడు రోజుల తర్వాత ఆమె అతనితో మొదటిసారి మాట్లాడింది.

"ఈసారి అద్దం మార్పియ్యుండ్రి. అమ్మను మార్చకుండ్రి."