టేబుల్‌కు మొలిచిన గడ్డం

మా ఆవిడ సృజన పై అంతస్తులో హెన్రీ వాళ్లింట్లో టీ తాగి దిగివచ్చిందంటే, ఆ పూట నాకు మూడినట్టే.

"హెన్రీ సార్ డైనింగ్ టేబుల్ అద్దమే అనుకోండ్రి! నా బొట్టు వంకర ఉన్నది సుత అండ్లనే కనబడ్డది. సొంతంగ పాలిష్ చేసిండట."

"మన టేబుల్‌కేమైంది?"

"మన టేబుల్ల మొఖం కనబడదు, మొన్నటి సాంబారు కనబడ్తది."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె బొట్టు వంకరను నేను ఒక్కసారీ కనిపెట్టలేదు. ఆ పని పరాయి మగాడి బల్ల చేసింది! మా బల్లనూ అద్దం చేసి తీరాలనుకున్నాను.

ఆదివారం ఆమె అల్వాల్‌లోని చెల్లెలింటికి వెళ్లగానే షురూ చేశాను. మాదీ అసలు సిసలు టేకు బల్లే. గరుకు కాగితంతో పాత మెరుగంతా గీకేసి, లక్క పాలిష్‌ను దూది ఉండతో పూశాను. ఒక పూత ఆరాకే మరో పూత వేయాలని పాలిష్ అమ్మిన కొట్టువాడు చెప్పాడు. అసూయతో ఉడికేవాడు ఆరేదాకా ఆగుతాడా? పూత మీద పూత వేసి, ఫ్యాన్ ఐదులో పెట్టాను.

రెక్కల మీది దుమ్మంతా బల్ల మీదికి దిగింది. తుడుద్దామని తువ్వాలు వేస్తే అంటుకుపోయింది. పట్టి లాగితే తువ్వాలు వచ్చింది గానీ, దాని నూగు రాలేదు.

అప్పుడే తలుపు తీసుకుని సృజన వచ్చింది.

"గిదేందండీ! టేబుల్‌కు గడ్డమొచ్చింది?"

"పాలిష్..."

"పాలిష్ కాదు, పరేషాన్!" అని మెట్ల దగ్గరికి పోయి కేకేసింది. "హెన్రీ సార్! జెర కిందికి రాండ్రి!"

అంతకంటే నన్ను ఆ బల్ల మీద పడేసి నాలుగు తన్నినా బాగుండేది.

హెన్రీ, ఆయన భార్య మేబెల్ దిగివచ్చారు. ఆడవాళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లారు. హెన్రీ నవ్వలేదు, అది ఇంకా మంట. స్పిరిట్ గుడ్డతో గడ్డమంతా తీసేసి, "మెల్లగ రుద్దాలె భాయ్, కోపంతోటి కాదు" అన్నాడు. నా కోపం ఆయనకెలా తెలిసిందో!

తర్వాత గొంతు తగ్గించాడు. "రాఘవేందర్ భాయ్, ఒక మాట అడుగుత. మీ ఇంట్ల గిన్నెలన్నీ మీరే తోముతరట గదా? మేబెల్ దినాం మీ పేరే తీస్తది. మీరు తోమిన పళ్లెంల మొఖం కనబడ్తదట. నాకు నిద్ర పడ్తలేదు."

నేను పుట్టి బుద్ధెరిగి చెంచా కూడా కడగలేదు. కానీ హెన్రీకి నామీద అసూయ! నా ఛాతీ బల్లంత వెడల్పయింది. నిజం చెప్పబుద్ధి కాలేదు.

"అవును భాయ్. రెండు పూటలా నేనే. అదొక సరదా," అన్నాను.

వంటింట్లో నవ్వులు పేలాయి. సృజన గిన్నెలు తోమే పీచుతో బయటికొచ్చింది, వెనకాలే మేబెల్.

"ఇన్నరు గదా హెన్రీ సార్, మీరే సాక్షి!" అంటూ పీచు నా చేతిలో పెట్టింది.

ఇక్కడ హెన్రీని, అక్కడ నన్ను పొగుడుతూ ఆడవాళ్లిద్దరూ కలిసి ఆడిన నాటకమని అప్పుడర్థమైంది. హెన్రీకి మాత్రం ఇంకా అర్థం కాలేదు పాపం. చొక్కా చేతులు మడిచి సింకు దాకా నా వెంటే వచ్చి, మాడిన మూకుడు అందించి, ఎంతో శ్రద్ధగా అడిగాడు.

"ముందుగాల లోపట రుద్దాల్నా భాయ్, బయటనా?"

నాకేం తెలుసు!