మా కంప్యూటరుకు ముగ్గురు ఉచిత కాపలాదారులు

మనిషి స్వేచ్ఛాజీవి అనడానికి తిరుగులేని రుజువు ఒక్కటే. తన కంప్యూటరుకు ఏ ఉచిత యాంటీవైరస్ వేయాలో అతను స్వయంగా నిర్ణయించుకోవచ్చు. మిగతావన్నీ (ఉద్యోగం, పెళ్లి, హాలు గోడల రంగు) ఎలాగూ వేరేవాళ్లు నిర్ణయిస్తారు.

మా ఇంటి కంప్యూటరు వయసులో పెద్దది. బటన్ నొక్కగానే ఒక నిట్టూర్పు విడుస్తుంది, తర్వాత ఫ్యాను గొంతు సవరించుకుంటుంది, ఆ తర్వాత మనం వెళ్లి తీరిగ్గా స్నానం చేసి రావచ్చు. అయినా దానికి ఇంట్లో చాలా గౌరవం. మా ఆవిడ ఫిజిక్స్ టీచరు. వార్షిక పరీక్ష ప్రశ్నపత్రాన్ని దాని మీదే తయారుచేస్తుంది. తోటి టీచర్ల పేపర్లు ఏదో ఒక ఏడాది బయటికి పొక్కాయి గానీ, ఆవిడది ఒక్కసారి కూడా పొక్కలేదు. బడిలో ఆవిడ పరువంతా అదే. నాక్కూడా ఒక్క ప్రశ్న చెప్పదు (నేను ఆ పరీక్ష రాయడం లేదని తెలిసి కూడా).

ఈసారి పేపరు సోమవారం ఉదయానికల్లా హెడ్మాస్టరు చేతికి అందాలి. సరిగ్గా శనివారం నాడు తెర మీద ఎర్రటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి: ‘మీ రక్షణ గడువు ముగిసింది.’

“ఏమండీ, ఏదో ఒకటి వేసెయ్యండి. నా పేపరు దాంట్లోనే ఉంది” అంది మా ఆవిడ.

ఏదో ఒకటి! ఇంత లోతైన శాస్త్రాన్ని ఇంత తేలిగ్గా తీసిపారేయడం చూసి నాకు ఒళ్లు మండింది. ఉచిత రక్షణ ప్రమాణాల మండలి అధ్యక్షులవారు (భద్రతా కారణాల రీత్యా ఆయన ఎక్కడుంటారో ఆయనకే చెప్పరు) పాత యంత్రాల గురించి ఒక మూలసూత్రం ప్రకటించి ఉన్నారు. యంత్రం ఎంత పాతదైతే దానికి అంత కొత్త రక్షణ కావాలి. రక్షణ ఎంత కొత్తదైతే దాన్ని మోయడానికి అంత కొత్త యంత్రం కావాలి. ఈ రెంటి నడుమ ఇరుక్కున్నవాణ్ని మండలి భాషలో ‘వినియోగదారుడు’ అంటారు.

ఆదివారం భోజనానికి మా మామగారు, బావమరిది వచ్చారు. ఉచితంగా దొరికే యాంటీవైరస్‌లు మూడు, ఒక్కోదాని గుర్తుగా ఒక్కో బొమ్మ ఉందని విషయాన్ని సభ ముందుంచాను.

“సింహం బొమ్మ ఉన్నది వేయండి అల్లుడుగారూ. దొంగవెధవ చూడగానే జడుసుకోవాలి” అన్నారు మామగారు.

“సింహం తిండిపోతు నాన్నా, ఉన్న మెమరీ అంతా మింగేస్తుంది” అన్నాడు బావమరిది. “తాళం బొమ్మది వేసెయ్ బావా. చాలా తేలిక. మా ఆఫీసులో అన్నిటికీ అదే.”

(వాళ్ల ఆఫీసులో కంప్యూటర్లు వారం నుంచి తెరుచుకోవడం లేదని అతనే చెప్పాడు. భోజనాల దగ్గర గుర్తుచేయడం మర్యాద కాదని ఊరుకున్నాను.)

నా ఓటు గుడ్లగూబ బొమ్మకి. పాత కంప్యూటర్లకు అంతకు మించింది లేదని ఒక నిష్పాక్షిక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసాన్ని గుడ్లగూబ కంపెనీవారే స్వయంగా శ్రమపడి రాశారు.

మామగారి మాట తీసేస్తే ఆయన అలుగుతారు. బావమరిది మాట తీసేస్తే వాళ్లక్క అలుగుతుంది. నా మాట తీసేస్తే ఎవరూ అలగరు, అదే నా బాధ. అందుకని బాగా ఆలోచించి, కుటుంబ శాంతిని దృష్టిలో పెట్టుకుని, మూడూ వేశాను.

కాసేపట్లోనే సింహం ఫిర్యాదు చేసింది: ‘ఎవరో అపరిచితుడు ఇంట్లోని ప్రతి ఫైలునూ తడిమి చూస్తున్నాడు.’ ఆ అపరిచితుడు తాళం. తాళం వెంటనే గుడ్లగూబను దొంగగా గుర్తించింది. గుడ్లగూబ ఆ ఇద్దర్నీ ముఠాగా నమోదు చేసుకుంది. ఫ్యాను రోడ్డు రోలర్‌లా మోగింది. చివరికి ముగ్గురూ ఒకే ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చి, మా ఆవిడ ప్రశ్నపత్రాన్ని పట్టుకుని నిర్బంధంలో పెట్టారు. కారణం తెర మీద స్పష్టంగా రాశారు: ‘ఈ ఫైలును ప్రపంచంలో ఇంతవరకు ఇతరులెవరూ తెరిచి చూడలేదు. కనుక ఇది అనుమానాస్పదం.’

“ఎవరూ చూడకూడదనే కదండీ నేను ఇంత తంటాలు పడింది!” అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

మామగారు, బావమరిది చెప్పులేసుకున్నారు. నేను చాట్‌లో ఉచిత వినియోగదారుల సంతృప్తి విభాగం ఉపాధికారిని ఆశ్రయించాను.

“ఫైలు మంచిదే అయ్యుండొచ్చు సార్. కానీ దాన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని ఆయన రాశాడు.

“లేరండీ. అది ప్రశ్నపత్రం. ఎవరూ ఎరగకూడదు.”

“ఎవరూ ఎరగనిదానికి పూచీ ఎవరు పడతారు సార్? నలుగురూ చూస్తే దానంతటదే విడుదలవుతుంది. కింద ‘పరిశీలనకు పంపు’ అని బటన్ ఉంది చూడండి.”

“ఎవరు పరిశీలిస్తారు?”

“నిపుణులు సార్.” ఆ కిందే ఇంకో వరుస రాశాడు. “ఉచిత సేవలో నిపుణులు కూడా ఉచితమే. మీలాంటివాళ్లే.”

పక్కగదిలోకి చూశాను. మా ఆవిడ తెల్లకాగితాలు ముందేసుకుని, మొదటి ప్రశ్న గుర్తుచేసుకుంటూ కళ్లు తుడుచుకుంటోంది. నా మనసు నీరైపోయింది. పెళ్లయ్యాక ఆవిడకు నేను చేసిన ఉపకారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకొకటి చేరుతుంది కదా అనుకుని బటన్ నొక్కాను.

సోమవారం ఉదయం మా ఆవిడ బడికి తయారై, సగం రాసిన కాగితాలు సంచిలో పెట్టుకుని, ఆశ చావక కంప్యూటరు ముందు నిలబడింది. అది నిట్టూర్చింది, గొంతు సవరించుకుంది. సింహం, తాళం, గుడ్లగూబ మొదటిసారిగా పచ్చగా వెలిగాయి.

“వచ్చేసిందండీ!” అని నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ నా చెయ్యి అంత ప్రేమగా పట్టుకుని చాలా కాలమైంది. నేను గర్వంగా కింది వాక్యం పైకి చదివాను.

‘అభినందనలు. మీ ఫైలు పూర్తిగా సురక్షితం. ఇప్పటికి నలభై వేల మంది చదివారు, ఎవరికీ ఏ హానీ జరగలేదు.’