గుట్ట సేవలో ఎల్లేశం

స్వచ్ఛంద సేవ అనేది మనిషి మనసులో తనంతట తానే పుట్టాలి. పుట్టని చోట పుట్టించడానికి సర్కారు ఒక శాఖ పెట్టాలి. పంతొమ్మిది వందల నలభై తొమ్మిదిలో వానలు వెనకపట్టేసరికి హైదరాబాదు సంస్థానంలో అలాంటి శాఖ ఒకటి వెలిసింది. దాని పేరు పర్వత పరిరక్షణ స్వచ్ఛంద సేవా శాఖ. (దగ్గరలో పర్వతాలు దొరకనందున హఫీజ్‌పేట్ అవతలి రాళ్లగుట్టను తాత్కాలికంగా పర్వతమని ప్రకటించారు.)

గుట్ట మీద కాసిని గుడిసెలున్నాయి. వాటి మధ్య నిలబడి, చాటింపు వేసే సాయిలు డప్పు మీద రెండు దెబ్బలు వేశాడు.

"ఇనుండ్రి! గడ్డి ఎండితే గుట్ట అంటుకుంటదట! అందుకని ఇంటికొకలు ఇష్టంతోని పొద్దుగాల గడ్డి పీకాలె! ఇష్టం లేనోళ్లకు జుర్మానా! రేపటి సంది మేకలు గుట్ట ఎక్కుడు బంద్!"

పెంటయ్య తన మంద వైపు చూశాడు. అతనికి ఉన్నదల్లా ఎనిమిది మేకలు, ఒక నల్లపోతు. మందకు పిల్లలు కలగాలంటే ఆ పోతే దిక్కు.

"గా గడ్డి తినేటియే మేకలు గదనే? ఇన్నేండ్లల్ల గుట్ట ఎన్నడన్న అంటుకున్నదా?" అన్నాడు భార్యతో.

"అంటుకోవాలంటే ముందుగాల మేకలను ఆపాలె. గిప్పుడు ఆపిండ్రు," అంది రుక్కమ్మ.

తక్కినవాళ్లు మేకలను పటాన్‌చెరు సంతకు తోలేశారు. పెంటయ్య మాత్రం లింగంపల్లి వెళ్లాడు. అక్కడ ఒక కిరాయి ఇంట్లో శాఖ కొలువై ఉంది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన లింగమూర్తి దాని అధికారి. పర్వతాల మీద ఆయనకు అపారమైన ప్రేమ. అందుకే ఎప్పుడూ ఎక్కి వాటిని శ్రమపెట్టలేదు.

"చూడవయ్యా, గుట్ట ఎక్కే హక్కు స్వచ్ఛంద సేవకుడికే ఉంది," అన్నాడు లింగమూర్తి.

"సేవకుడంటే ఎవలు దొరా?"

"గడ్డి తీసేవాడు. జీతం అడగనివాడు. ఎదురు మాట్లాడనివాడు."

పెంటయ్య తలపాగా సర్దుకున్నాడు. "గసుంటోళ్లు నా ఇంట్ల తొమ్మిదిమంది ఉన్నరు దొరా."

లింగమూర్తి నిబంధనలన్నీ తిరగేశాడు. సేవకుడికి పేరుండాలి, ఆరోగ్యం ఉండాలి, క్రమం తప్పకుండా హాజరు కావాలి. కాళ్లు రెండే ఉండాలని ఎక్కడా లేదు. (వాటిని రాసిన కమిటీ ఆ రోజు తొందరగా భోజనానికి లేచింది.) మేకలు సేవలో చేరిపోయాయి.

పేర్ల దగ్గరే ఇంట్లో గొడవ వచ్చింది.

"పోతుకు మా తమ్ముని పేరు పెడ్తవా?" రుక్కమ్మ చీపురందుకుంది.

"గడ్డం గట్లనే ఉన్నది గదనే! గడ్డి తినేటప్పుడు సుత ఎల్లేశం బామ్మర్ది లెక్కనే ఎవ్వలను చూడదు."

"నీకు సేవకుని పదవి రాలే. గా ఏడుపు మా తమ్ముని మీద తీర్చుకుంటున్నవు."

నెల తిరిగేసరికి గుట్ట నున్నగా అయింది. మనుషుల దళం ప్రతిజ్ఞ చేసి, నీడ చూసుకుని, మళ్లీ ప్రతిజ్ఞ చేసేలోపు ఎల్లేశం ఒక వాలు మొత్తం పూర్తి చేసేవాడు. అతని ఒంటి మీద చెయ్యి వేసిన ఇద్దరు పిల్లగాళ్లను, సేవకుణ్ణి అవమానించినందుకు, లింగమూర్తి స్వయంగా మందలించాడు. పెంటయ్య ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయాడు.

అంతలో కబురొచ్చింది. గుట్టను చూడటానికి నాజిం సాబ్ వస్తున్నాడు. శాఖకు ఆయనే పెద్ద. మాంసం లేనిదే ఆయనకు ముద్ద దిగదు. లింగమూర్తి మేక కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ వెతికించాడు. మేకలు బంద్ అన్న తన హుకుం ఎంత చక్కగా అమలైందంటే, ఎక్కడా ఒక్క మేక మిగల్లేదు.

సాయంత్రానికి లింగమూర్తి మొట్టమొదటిసారి గుట్ట ఎక్కి, ఆయాసపడుతూ వచ్చాడు.

"పెంటయ్యా, ఒకటి కావాలయ్యా."

"అవి సేవకులు దొరా! సేవకులను కోసుకతింటరా?" పెంటయ్య చేతులు చాపి మందకు అడ్డం నిలబడ్డాడు.

"ఛఛ, సేవలో ఉన్నవాళ్లను ముట్టుకోం. ముందు రాజీనామా చేయాలి. ఆడ సేవకులను తప్పించకూడదని నిబంధన ఉంది. కాబట్టి ఎల్లేశం..."

"గది పోతే నా మంద ఆగమైతది దొరా! పిల్లలెట్ల అయితయి? పోతుమాంసం కంపు గూడ కొడ్తది, సాబు తినలేడు!"

"మసాలా సంగతి శాఖ చూసుకుంటుంది."

"దాని బదులు నేను గడ్డి పీకుత దొరా. రోజూ పీకుత. నీ కాల్మొక్త."

"దాని బదులు కాదయ్యా," అన్నాడు లింగమూర్తి ఎంతో మృదువుగా. "దాని తరువాత."

ఆపైన పోతు ముందు వంగి, పద్ధతి ప్రకారం అడిగాడు. "ఎల్లేశం, రాజీనామాకు నీకేమైనా అభ్యంతరం ఉందా?"

ఎల్లేశం నెమరు వేస్తూ ఆయన పంచె అంచును రుచి చూశాడు.

"అభ్యంతరం చెప్పలేదు," అన్నాడు లింగమూర్తి సాక్షులతో. సాయిలు తల దించుకున్నాడు. రుక్కమ్మ గుడిసెలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు నాజిం సాబ్ గుట్టను కింది నుంచే చూసి వహ్వా అన్నాడు. విస్తరి ముందు కూర్చున్నాక పని గుర్తొచ్చింది.

"అందరికంటే బాగా పనిచేసినవాడు ఎల్లేశమట గదా? ఏడీ? శభాష్ చెప్పాలె."

"ఇక్కడే ఉన్నారండి," అన్నాడు లింగమూర్తి, ఇంకో గరిటె వడ్డిస్తూ.

"గట్టి మనిషై ఉంటడు," అన్నాడు సాబ్, నములుతూ.

ఖాళీ అయిన స్థానంలో పెంటయ్యను స్వచ్ఛందంగా నియమించారు. ఎనిమిది మేకలూ సేవలో అతనికంటే ముందు చేరినవి కనుక, లేత గడ్డి వాటికి వదిలి అతను ముళ్లపొదల వైపు వెళ్లేవాడు. చుట్టుపక్కల ఎక్కడా పోతు లేదు. మరుసటి ఏడు మందలో ఒక్క మేకా ఈనలేదు. సంవత్సరమంతా కాన్పు సెలవు అడగని ఏకైక మహిళా దళంగా శాఖ వాటిని అభినందించింది.